చిలకమర్తి చూపు

ఆధునికాంధ్ర సాహిత్యంలో నాటకం, నవల, ప్రహసనం, జీవితచరిత్ర, పత్రికారచన అనే శాఖలన్నింటిలోను కృషి చేసి, ప్రతి శాఖలోను పాఠకుల మన్నన పొందిన రచయితలు కొద్దిమందే. వారిలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఒకరు. ఆంధ్రులు ఆయనను ఆంధ్ర మిల్టన్ అని గౌరవంగా పిలుచుకొన్నారు. ఆ పేరు కేవలం కవితాశక్తిని బట్టి వచ్చినది కాదు. ఆంగ్ల మహాకవి మిల్టన్ వలెనే ఆయన కూడ చూపు కోల్పోయి, తన రచనలను ఇతరులచేత వ్రాయించారు. అయితే ఇద్దరికీ చూపు పోయిన తీరు ఒక్కటి కాదు. మిల్టన్ నడివయసు వరకు కన్నులు అలసిపోయేటట్లు చదివి, 1652 నాటికి, నలుబదిమూడేండ్ల ప్రాయంలో పూర్తిగా అంధుడైనాడు. చిలకమర్తివారి కన్ను బాల్యంలోనే హెచ్చరిక చేసింది. ఆ హెచ్చరిక ప్రొద్దు గ్రుంకిన తరువాత మాత్రమే తెలిసేది.

లక్ష్మీనరసింహంగారు 1867 సెప్టెంబరు 26వ తేదీన నాటి గోదావరి జిల్లాలోని ఖండవల్లి గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించారు. తల్లి వెంకటరత్నమ్మ, తండ్రి వెంకన్న. పితృవంశీయుల నివాసం భీమవరం ప్రాంతంలోని వీరవాసరం. బాల్యం చాలవరకు అక్కడనే గడిచింది. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట పూర్తయి అప్పటికి పదిహేనేండ్లు. డెల్టా అంతటా కాలువలు ప్రవహిస్తున్నాయి. రహదారులకంటె ఆ కాలువలే ప్రధాన మార్గాలు. రాత్రి పడవ ఎక్కి తెల్లవారేసరికి మరొక ఊరు చేరుకోవడం నాటివారికి అలవాటు. సంధ్య దాటితే ఇంట్లో ఆముదపు దీపం, వీధిలో వెన్నెల; వెన్నెల లేనినాడు చీకటి. తోలుబొమ్మలాట, వీధి భాగవతం, హరికథ, పెండ్లి ఊరేగింపు అన్నీ రాత్రివేళ జరిగేవే. అటువంటి లోకంలో రాత్రి కన్ను కనబడకపోవడమంటే సగం ఊరు లేకుండ పోవడమే.

లక్ష్మీనరసింహంగారికి చిన్ననాటినుండి రేచీకటి ఉండేది. రే అంటే రాత్రి. సంస్కృతంలో దీనినే నక్తాంధ్యమన్నారు. ప్రాచీన వైద్యులు ఈ లక్షణాన్ని ఎరుగుదురు; కాని కంటి లోపల ఏమి జరుగుచున్నదో చూచే సాధనం వారికి లేదు. కంటి లోపలి పొరను వెలుగు పంపి పరీక్షించే పరికరాన్ని జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1851లో రూపొందించిన తరువాతనే వైద్యులకు ఆ మార్గం తెరుచుకొన్నది.

కంటి వెనుకనున్న పలుచని పొరను నేత్రపటలం అంటారు. వెలుగును గ్రహించే కణాలు అందులో రెండు రకాలుగా ఉంటాయి. శంకు ఆకారపు కణాలు పగటి వెలుగులో అక్షరాలను, రంగులను గుర్తిస్తాయి. దండాకారపు కణాలు మసక వెలుగులో పని చేస్తాయి. శంకుకణాలు నేత్రపటలం నడుమ దట్టంగా ఉంటే, దండకణాలు దాని చుట్టూ పరచుకొని ఉంటాయి. దండకణాలు దెబ్బతిన్న మనిషికి పగటిపూట ఎదుట ఉన్న పుస్తకం బాగానే కనబడుతుంది. దీపాలు పెట్టే వేళకు మాత్రం అతడు గోడను తడుముకొంటూ నడుస్తాడు. ఒకే కన్ను పగలు చదివిస్తూ రాత్రి త్రోవ చూపకపోతే చుట్టూ ఉన్నవారు నమ్మరు. భయమనో, బద్ధకమనో, నటన అనో అనుకొంటారు. ఈ జబ్బు కలిగించే మొదటి కష్టం అదే.

రేచీకటికి దారితీసే కారణాలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది విటమిన్ ఏ లోపం. దండకణాలలోని వర్ణద్రవ్యం ఆ విటమిన్‌తోనే తయారవుతుంది. ఆహారంలో అది చాలనప్పుడు బిడ్డకు మొదట రాత్రిచూపు మందగిస్తుంది. తరువాత కంటి తెల్లగ్రుడ్డు తడి ఆరి, దానిపై సబ్బు నురుగు వంటి తెల్లని మచ్చ కనిపించవచ్చు. అప్పటికైనా గమనించి మందు ఇస్తే రాత్రిచూపు తిరిగి వస్తుంది. ఉపేక్షిస్తే నల్లగ్రుడ్డు మెత్తబడి, చితికి, శాశ్వతంగా అంధత్వం కలుగుతుంది. ములగాకు, తోటకూర, బొప్పాయి, గ్రుడ్డు, పాలు ఈ లోపాన్ని నివారించగలవు. ములగచెట్టు పెరడులో ఉండగా బిడ్డ కన్ను పోవడం కంటె విచారకరమైన సంగతి ఏముంటుంది?

రెండవది వంశపారంపర్యంగా వచ్చే నేత్రపటల వ్యాధి. ఇందులో దండకణాలు బాల్యంనుండో యౌవనంనుండో క్రమంగా నశిస్తాయి. మొదట రాత్రిచూపు పోతుంది. ఆ పిమ్మట ప్రక్కచూపు తగ్గుతూ వచ్చి, గొట్టంలోనుండి చూచినట్లు నడుమ భాగం మాత్రమే మిగులుతుంది. అటువంటివాడు దూరాన ఉన్న గోపురాన్ని చూస్తాడు కాని కాలిదగ్గరి చెంబును తన్నుకొంటాడు. తుదకు నడిమి చూపు కూడ సన్నగిల్లుతుంది. దీనికి ఆకుకూరలు మందు కావు. దగ్గరి రక్తసంబంధం గలవారి మధ్య వివాహాలు జరిగే కుటుంబాలలో ఇటువంటి వ్యాధులు కొన్ని ఎక్కువగా కనిపిస్తాయి. మేనరికాలు మక్కువగా చేసుకొనే మన ప్రాంతాలవారు తెలిసికొనవలసిన విషయమిది.

లక్ష్మీనరసింహంగారికి రాత్రిచూపుతో మొదలైన లోపం వయసుతోపాటు పెరిగింది. పగటి చూపు కూడ క్రమంగా సన్నగిల్లి, తుదకు పూర్తిగా పోయింది. ఒక్కనాటి ప్రమాదంలో కన్నులు పోయిన మనిషి దుఃఖం ఒక రకం. ఈ యేడు కనబడిన అక్షరం వచ్చే యేటికి కనబడదని ఎరిగి చదువుకొనే విద్యార్థి దుఃఖం మరొక రకం. ఆయన చదువు సాగినది ఈ రెండవ స్థితిలోనే.

ఇక్కడ కంటికి సంబంధించిన మరొక లోపాన్ని పోల్చి చూడడం అవసరం. రేచీకటి ముఖంలో కనబడదు. అందుచేత ఎవరూ గుర్తించరు. మెల్లకన్ను ముఖంలోనే కనబడుతుంది, అయినను పట్టించుకోరు. పైపెచ్చు మెల్లకన్ను అదృష్టమని మన పల్లెలలో ఒక నమ్మకం పాతుకొనిపోయింది. రెండు కన్నులు ఒకే వస్తువువైపు తిరిగినప్పుడే మెదడు రెండు ప్రతిబింబాలను కలిపి ఒక్కటిగా గ్రహిస్తుంది. లోతు, దూరం సరిగా తెలియడం ఆ కలయిక వలననే. ఒక కన్ను లోపలికో, వెలుపలికో తొలగినప్పుడు ఎదుటివస్తువు రెండుగా కనబడవలసి ఉంటుంది. ఆ చిక్కును తప్పించుకొనుటకు పసిబిడ్డ మెదడు తొలగిన కంటినుండి వచ్చే సమాచారాన్ని త్రోసివేస్తుంది. వాడుక లేని ఆ కన్ను, నిర్మాణంలో ఏ దోషమూ లేకున్నను, క్రమంగా మందమైపోతుంది. బాగుగా ఉన్న కంటిని రోజులో కొంతసేపు మూసి, మందమైన కంటిచేత పని చేయించడం దీనికి చికిత్సలో భాగం. వయసు పెరిగినకొలది దాని ఫలితం తగ్గుతుంది కనుక బడిలో చేరకముందే గుర్తించడం మేలు.

గుర్తించడానికి గొప్ప పరికరాలు అక్కరలేదు. బిడ్డ ఎదుట కొంత దూరంలో చిన్న దీపం పట్టుకొంటే రెండు నల్లగ్రుడ్లలోను వెలుగుచుక్క ఒకేచోట మెరవాలి. ఒక కంటిలో నడుమ, మరొక కంటిలో ఓరగా మెరిస్తే అనుమానించాలి. ఒక వస్తువును చూడుమని చెప్పి, ఒక కంటిని చేతితో మూసినప్పుడు రెండవ కన్ను కదిలి ఆ వస్తువును వెదకుకొన్నదంటే, అంతవరకు అది మరొకవైపు చూస్తున్నదన్నమాట. ఎండలో ఒక కన్ను మూసుకోవడం, తల ఎప్పుడూ ఒక భుజంవైపు వంచడం, చదివేటప్పుడు వరుస తప్పడం, గ్లాసులో నీరు పోయబోయి ప్రక్కన పోయడం కూడ గమనింపదగిన గుర్తులే. ఒక్కొక్కసారి మెల్ల కంటి లోపలి కణితి వంటి తీవ్రవ్యాధికి తొలి సూచన కావచ్చు. కంటిపాపలో తెల్లని మెరుపు కూడ కనబడితే ఒక్కరోజైనా ఆలస్యం చేయరాదు. బిడ్డ తన లోపాన్ని తాను చెప్పుకోలేడు. పుట్టినప్పటినుండి తనకు కనబడినట్లే లోకమంతకు కనబడుతుందని వాడు అనుకొంటాడు.

లక్ష్మీనరసింహంగారు వీరవాసరంలోను, నరసాపురంలోను చదివి, ఉన్నతవిద్యకై రాజమహేంద్రవరం చేరుకొన్నారు. తోటి విద్యార్థులు పాఠాలు చదివి వినిపిస్తుండగా విని, మనసున నిలుపుకొనేవారు. 1889లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులైనారు. ఆనాటి రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంస్కరణోద్యమంతో కదలిపోతున్న పట్టణం. సభలు, ఉపన్యాసాలు, వాదోపవాదాలు నిత్యం జరిగేవి. చెవితో నేర్చుకొనేవానికి అంతకుమించిన విద్యాలయం మరొకటి లేదనవచ్చు.

ఆ పట్టణంలో ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు ఒక నాటకసమాజాన్ని నడిపేవారు. ఆ సమాజం కొరకు చిలకమర్తివారు 1889లో కీచకవధ అనే నాటకాన్ని రచించారు. ద్రౌపదీపరిణయము, శ్రీరామజననము, పారిజాతాపహరణము, గయోపాఖ్యానము ఆ వరుసలో వచ్చినవే. గయోపాఖ్యానం మొదట వచననాటకం. పద్యాలు తరువాత చేరినవి. శ్రీకృష్ణార్జునుల మధ్య యుద్ధం వచ్చే ఆ కథ తెలుగునాట ఆడని ఊరు లేదన్నంతగా వ్యాపించింది. దాని ప్రతులు లక్షకుపైగా అమ్ముడుపోయినవని ప్రసిద్ధి. తరువాతి కాలంలో ఆంధ్రకేసరిగా పేరుపొందిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు తమ విద్యార్థిదశలో ఈ నాటకంలో వేషం ధరించినవారే.

నాటకం రాత్రి ఆడేది. రేచీకటి గల యువకుడు, దీపాల వెలుగులో ఆడవలసిన దానిని వ్రాసి ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చుకొన్నాడు. ఆయన రచనలో బలమంతా సంభాషణలో ఉన్నది. రంగస్థలంమీది అలంకారాలనో, ఆర్భాటాలనో నమ్ముకొనక, పాత్రల మాటలోనే కోపం, ఎత్తిపొడుపు, వేడుకోలు పలికించారు. ఇది చూపులేమి వలన కలిగిన గుణమని రుజువు చేయలేము కాని, చెవి ఇంత చురుకైన రచయిత మన నాటకకర్తలలో అరుదు.

నాటకాల తరువాత ఆయన నవలలవైపు మరలినారు. న్యాపతి సుబ్బారావు పంతులుగారి ప్రోత్సాహంతో వీరేశలింగంగారు నడిపిన చింతామణి పత్రిక అప్పుడు నవలల పోటీలు పెట్టేది. చిలకమర్తివారి రామచంద్రవిజయము, హేమలత, అహల్యాబాయి ఆ పోటీలలో బహుమతులు పొందినవి. రాజపుత్రుల వీరగాథలను రాజస్థాన కథావళి పేరుతో తెలుగువారికి అందించారు. భాసుని నాటకాలను కొన్నింటిని తెలుగు చేశారు. ఇవన్నీ ఒకరు చదివి వినిపించగా, ఒకరు వ్రాయగా సాగిన పనులు.

చెప్పి వ్రాయించడం సులభమైన పని అనుకోరాదు. వ్రాసేవాడు తన వాక్యాన్ని వెనుకకు తిరిగి చూచుకొంటాడు, కొట్టివేస్తాడు, దిద్దుకొంటాడు. చెప్పేవాడు అదంతా మనసులోనే చేసికోవాలి. ఒక నవలలోని పాత్రల పేర్లు, వారి బంధుత్వాలు, ఏ ప్రకరణంలో ఎవరేమన్నారో గుర్తుంచుకోవాలి. వ్రాయసకాడు అలసితే ఆగాలి. రాకపోతే ఆ రోజు రచన లేదు. మనస్సులో పుట్టిన పద్యాన్ని అతడు వచ్చేదాక జారిపోకుండ పట్టుకోవాలి. వ్యాసమహర్షికి వినాయకుడు వ్రాయసకాడైనట్లు పురాణకథ. చిలకమర్తివారు 1920లో వెలువరించిన హాస్యనవలకు పేరు కూడ గణపతియే! కాని ఈ గణపతి వ్రాయడంలోను, చదవడంలోను ఆసక్తి లేనివాడు. తిండికి ముందు, పనికి వెనుక ఉండి, బడిపంతులు వేషంలో పొట్ట పోసుకొనేవాడు. ఆ నవలలో గోదావరి ప్రాంతపు పల్లెల ఆచారాలు, వంటలు, తగవులు, మాటతీరు కన్నులకు కట్టినట్లుంటాయి. ఆ కన్నులు పాఠకునివి. రచయితకు మిగిలినది జ్ఞాపకం.

1907 ఏప్రిల్‌లో వందేమాతరోద్యమ ప్రచారానికై బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఆయన ఆంగ్లోపన్యాసాన్ని సభవారికి తెలుగులో చెప్పే భారం చిలకమర్తివారిపై పడింది. అనువాదకుడు చేతిలో కాగితం పెట్టుకొని ముఖ్యాంశాలు వ్రాసుకోవడం పరిపాటి. ఆయనకు కాగితంతో పని లేదు. వినినదానిని మనసున నిలిపి, తెలుగు నుడికారంలో చెప్పారు. భారతదేశాన్ని పాడియావుగాను, ప్రజలను పాలకై ఏడ్చే లేగదూడలుగాను, పరపాలకులను దూడల మూతులు బిగించి పాలు పిదుకుకొనే గొల్లలుగాను భావించి ఆయన ఆశువుగా చెప్పిన పద్యం ఆ సభలో పుట్టినదే. అది ఊరూర మారుమ్రోగింది. వ్రాతకు నోచుకోని పల్లెవాసుల నాలుకలమీద కూడ ఆ పద్యం నిలిచిందంటే, అది వినడానికి చెప్పిన పద్యం గనుకనే.

బోధనపై ఆయనకు తొలినుండి మక్కువ. ఇన్నీసుపేట పాఠశాలలో కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేశారు. మిత్రునితో కలసి హిందూ లోయర్ సెకండరీ పాఠశాలను స్థాపించారు. కొన్నేండ్ల తరువాత దానిని వీరేశలింగంగారికి అప్పగించారు. అప్పటి సమాజం అంటరానివారని దూరంగా ఉంచిన వర్గాల పిల్లల కొరకు 1909లో రామమోహనరాయల పేరిట పాఠశాల ప్రారంభించారు. ఊరిలోని పెద్దలకు ఆ బాలలు వీధిలో నడచినను కనబడని కాలమది. ఆయనకు కనబడ్డారు. ఇంతేకాక మనోరమ, దేశమాత పత్రికలను నడిపారు. ప్రూఫులు దిద్దవలసిన వృత్తిని చూపులేని మనిషి చేపట్టడం చిన్న సాహసం కాదు.

ఆయన పుట్టిననాటికి విటమిన్ అనే మాటే లేదు. ఆయన నలుబదియారవ యేట, 1913లో, అమెరికాలో ఎలుకలపై జరిగిన పరిశోధనల వలన వెన్నలోను, గ్రుడ్డుపచ్చసొనలోను ఉన్న ఒక పోషకపదార్థం బయటపడింది. దానికే తరువాత విటమిన్ ఏ అని పేరు పెట్టారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ జరిపిన పరిశీలనలు ఆధారంగా 1970లో మన దేశంలో చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో ఆ విటమిన్ ద్రవాన్ని పోసే కార్యక్రమం మొదలైంది. వంశపారంపర్య వ్యాధుల విషయంలో పురోగతి చాల ఆలస్యంగా వచ్చింది. ఒకానొక జన్యువు లోపం వలన కలిగే నేత్రపటల వ్యాధికి ఆరోగ్యకరమైన జన్యువును కంటిలో ప్రవేశపెట్టే చికిత్సకు 2017లో అమెరికాలో అనుమతి లభించింది. అది కొద్దిమందికి మాత్రమే పనికివచ్చే చికిత్స. వెల కూడ సామాన్యులకు అందేది కాదు. అందుచేత నేటికిని మొదటి మెట్టు ఒక్కటే. సందెవేళ ఆటనుండి తప్పుకొనే బిడ్డను, ఎండలోనుండి గదిలోకి రాగానే నిలిచిపోయే బిడ్డను, సినిమా హాలులో తోబుట్టువు చేయి విడువని బిడ్డను తల్లి గాని, ఉపాధ్యాయుడు గాని గమనించి కంటివైద్యునికి చూపాలి. చదువులో వెనుకబడినవాడని దండించిన తరువాత వాని కంటిలో లోపమున్నదని తెలియడం పాఠశాలలలో తరచు జరుగుతున్నదే.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిలకమర్తివారిని కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. జీవితం చివరిభాగంలో ఆయన తమ స్వీయచరిత్రను చెప్పి వ్రాయించారు. అందులో డెబ్బదియేండ్ల గోదావరిసీమ ఉన్నది. వీధిబడులు, పడవ ప్రయాణాలు, నాటకసమాజాలు, పరీక్షలు, పెండ్లి సంబరాలు, వీరేశలింగంగారి చుట్టూ చెలరేగిన కలహాలు ఉన్నాయి. ఎవరిమీదనూ నిష్ఠురం లేని మెత్తని హాస్యం అంతటా కనిపిస్తుంది. తన కంటినిగూర్చి చెప్పవలసివచ్చినప్పుడు కూడ ఆయన జాలిని కోరలేదు. ఆ కాలపు తెలుగు జీవితాన్ని తెలిసికొనగోరే చరిత్రకారులు నేటికిని ఆ గ్రంథాన్నే తెరుస్తారు. లక్ష్మీనరసింహంగారు 1946 జూన్ 17వ తేదీన, డెబ్బదితొమ్మిదవ యేట పరమపదించారు.